అంచు దాకా మీదే

పొడుగాటి పీడీఎఫ్ ఒకటి చదువుతున్నారు. విండోని మ్యాగ్జిమైజ్ చేశారు, స్క్రీనంతా పరుచుకుంది. పేజీ కిందికి జరపడానికి మౌస్‌ని కుడి చివరికంటా తోసి, నొక్కి లాగారు. ఏమీ కదల్లేదు. చూస్తే బాణం గుర్తు కాస్తా రెండు మొనల బాణంగా మారిపోయింది. స్క్రోల్‌బార్ దానికి ఎడమపక్క నాలుగు పిక్సెళ్ల దూరంలో ఉంది. మౌస్‌ని రవ్వంత వెనక్కి తెచ్చి, గురి చూసి పట్టుకుని, అప్పుడు లాగారు.

ఇలా రోజుకి ఎన్నిసార్లు జరుగుతోందో ఎప్పుడైనా గమనించారా? మీ చెయ్యి కుదురుగా లేదనో, మౌస్ పాతబడిందనో అనుకుని ఊరుకున్నారా? తప్పు మీ చేతిది కాదండీ. మౌస్‌దీ కాదు. విండో చుట్టూ ఉన్న బోర్డర్‌ది. విండో చిన్నగా ఉన్నప్పుడు బోర్డర్ కావాలి. పట్టుకుని సాగదీయడానికి కావాలి, పక్క విండోతో కలిసిపోకుండా గీత గీయడానికి కావాలి. స్క్రీనంతా నిండిన విండోని ఇంకెటు సాగదీస్తారు? పక్కన ఏ విండో ఉందని గీత?

ఈ అధ్యాయంలో మీరు చెయ్యబోయే పని ఒకటే. మ్యాగ్జిమైజ్ చేసిన విండో మీ కంప్యూటర్‌లో నిజంగా చివరి పిక్సెల్ దాకా వెళ్తోందా అని చూసుకోవడం, వెళ్లకపోతే వెళ్లేలా చేసుకోవడం. చాలామందికి టీ తాగేలోగా అయిపోయే పని ఇది. ప్రోగ్రామింగ్ రావక్కర్లేదు. రెండు మూడు చోట్ల మాత్రం ఒక ఫైలు తెరిచి ఒక లైను మార్చాలి, అంతే.

దక్కేది చోటు కాదు

ముందు ఒక అపోహ తీసేద్దాం. బోర్డర్ తీస్తే స్క్రీన్ మీద చోటు కలిసొస్తుందని చాలామంది ఈ పని మొదలుపెడతారు. లెక్క వేసి చూడండి. 1366 పిక్సెళ్ల వెడల్పున్న లాప్‌టాప్ మీద రెండు పక్కలా నాలుగేసి పిక్సెళ్ల బోర్డర్ ఉంటే, పోయేది ఎనిమిది పిక్సెళ్లు. వెయ్యింట ఆరు వంతులు కూడా లేదు. ఆ చోట్లో సరిగ్గా ఒక అక్షరం కూడా పట్టదు. చోటు కోసమే అయితే ఈ అధ్యాయం చదవనక్కర్లేదు.

అసలు సంగతి వేరే ఉంది. మీరెంత జోరుగా తోసినా బాణం గుర్తు స్క్రీన్ దాటిపోదు, చివరి పిక్సెల్ మీద ఆగిపోతుంది. కాబట్టి అంచుకి ఆనుకుని ఉన్నదాన్ని కొట్టడానికి గురి అక్కర్లేదు, తోస్తే చాలు. చెయ్యి చేరాల్సినది ఎంత పెద్దదైతే అంత త్వరగా చేరుతుందని పాల్ ఫిట్స్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే లెక్క కట్టారు. అంచుకి ఆనిన బటన్‌కి అటువైపు హద్దే లేదు గనక, కంటికి చిన్నగా కనిపించినా మౌస్‌కి అది చాలా పెద్దది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

మనకి పనికొచ్చేది దాని తర్వాతి మాట. మధ్యలో ఒక్క పిక్సెల్ బోర్డర్ అడ్డొచ్చినా ఈ లాభం మొత్తం పోతుంది. సగం మిగలదు, పావు మిగలదు. ఎందుకంటే మౌస్ ఆగేది చివరి పిక్సెల్ మీద, ఆ పిక్సెల్ బోర్డర్‌ది. విండోస్ 95లో స్టార్ట్ బటన్‌కీ స్క్రీన్ మూలకీ మధ్య ఇలాంటి సన్నటి గీతే ఉండేది. మౌస్‌ని మూలకి తోసి నొక్కితే మెనూ తెరుచుకునేది కాదు. తర్వాత వచ్చిన వెర్షన్లలో దాన్ని సరిచేశారు. అప్పట్లో ఆ కంప్యూటర్ల మీద పనిచేసినవాళ్ల వేళ్లకి ఆ తేడా ఇప్పటికీ గుర్తుండే ఉంటుంది.

ముందు పరీక్ష, తర్వాతే సెట్టింగులు

సెట్టింగుల్లోకి దూకకండి. మీ దగ్గర అసలు లోపం ఉందో లేదో, ఉంటే ఏ అంచులో ఉందో తేల్చుకోండి. మీరు రోజూ వాడే మూడు ప్రోగ్రాములు తీసుకోండి: బ్రౌజర్, ఫైళ్లు చూసేది, రాసుకునేది. ఒక్కొక్కదాన్నీ మ్యాగ్జిమైజ్ చేసి ఈ నాలుగూ చెయ్యండి.

1. కుడి అంచు పరీక్ష. పొడుగాటి పేజీ తెరవండి. స్క్రీన్ వంక చూడకుండా మౌస్‌ని కుడివైపు చివరిదాకా తోయండి. నొక్కి కిందికి లాగండి. పేజీ కదిలితే ఆ అంచు మీ చేతిలో ఉన్నట్టే. కదలకపోతే ఇప్పుడు చూడండి, బాణం గుర్తు ఏ రూపంలో ఉందో. ఆ రూపాన్ని గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో పనికొస్తుంది.

2. మూల పరీక్ష. మౌస్‌ని కుడివైపు పై మూలకి విసిరి నొక్కండి. విండో మూసుకుంటే మంచిదే. మూసుకోకపోతే, పైన మీ డెస్క్‌టాప్ ప్యానెల్ ఉందేమో చూడండి. గ్నోమ్‌లోనూ మ్యాక్‌లోనూ పై అంచు విండోది కాదు, సిస్టమ్‌ది. అక్కడ ఈ పరీక్ష వర్తించదు, దిగులు పడకండి. అన్నట్టు, సేవ్ చెయ్యని ఫైలు మీద ఈ పరీక్ష చెయ్యొద్దు.

3. పై అంచు పరీక్ష. ఇది బ్రౌజర్ కోసం. పది ట్యాబులు తెరిచి, మౌస్‌ని నేరుగా పైకి తోసి నొక్కండి. ట్యాబు మారిందా? మారకపోతే ట్యాబుల పైన టైటిల్‌బార్ ఒకటి కూర్చుని ఉండొచ్చు.

4. గుండ్రటి మూలల పరీక్ష. మ్యాగ్జిమైజ్ చేసిన విండో నాలుగు మూలల్లో వాల్‌పేపర్ తొంగిచూస్తోందా? కొన్ని థీముల్లో విండో పెద్దదైనా మూలలు గుండ్రంగానే మిగిలిపోతాయి. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఆ కోసేసిన కొద్ది పిక్సెళ్లలో పడిన క్లిక్ మీ విండోకి కాక దాని వెనకున్నదానికి చేరే ప్రమాదముంది. విండోస్ 11లో 2021 నుంచి విండోలకి గుండ్రటి మూలలు వచ్చినా, మ్యాగ్జిమైజ్ చెయ్యగానే అవి చదరమైపోతాయి. మంచి థీముకి అది గుర్తు.

ఆ పిక్సెళ్లు ఎవరివి?

ఏదో ఒక అంచు పరీక్షలో విఫలమైందనుకుందాం. ఇక్కడే చాలామంది తప్పుదారి పడతారు. అంచులో ఖాళీ ఉందంటే అది విండో మేనేజర్, అంటే విండోలకి ఫ్రేము గీసే ప్రోగ్రాము, వేసిన బోర్డరే కానక్కర్లేదు. ప్రోగ్రాము తన లోపల వదులుకున్న ఖాళీ కూడా కావచ్చు. రెండింటికీ మందు వేరు.

బాణం గుర్తు రూపం గుర్తుపెట్టుకోమన్నాను కదా? రెండు మొనల బాణం కనిపిస్తే అది దాదాపుగా బోర్డరే, సాగదీయడానికి పెట్టినది. మామూలు బాణమే ఉండి నొక్కినా ఏమీ కాకపోతే, ముందు ప్రోగ్రాము ఖాళీని అనుమానించండి. ఇంకా ఖచ్చితంగా కావాలంటే, లినక్స్‌లో ఎక్స్11 వాడేవాళ్లకి తేలిక దారి ఉంది. టెర్మినల్‌లో ఎక్స్‌ప్రాప్ అనే ఆదేశం ఇచ్చి, ఆ విండో మీద క్లిక్ చెయ్యండి. వచ్చిన పెద్ద జాబితాలో 'ఫ్రేమ్ ఎక్స్‌టెంట్స్' అనే లైను వెతకండి. నాలుగు అంకెలుంటాయి. వరసగా ఎడమ, కుడి, పైన, కింద ఉన్న ఫ్రేము మందం. మ్యాగ్జిమైజ్ చేసిన విండోకి 0, 0, 30, 0 అని వస్తే మూడు పక్కలా బోర్డర్ లేదు, పైన 30 పిక్సెళ్ల టైటిల్‌బార్ మాత్రమే ఉంది. 4, 4, 30, 4 అని వస్తే దొంగ దొరికినట్టే.

టెర్మినల్ విండోల సంగతి వేరుగా చెప్పాలి, ఎందుకంటే అక్కడి ఖాళీ బోర్డరూ కాదు, ప్రోగ్రాము ఖాళీ కూడా కాదు. ఎక్స్‌టర్మ్ లాంటివి తమ ఎత్తు వెడల్పుల్ని అక్షరాల గళ్ల లెక్కన అడుగుతాయి. ఒక గడి ఎత్తు 17 పిక్సెళ్లనుకోండి. 1080 పిక్సెళ్ల స్క్రీన్‌లో 63 వరసలు పడతాయి, 1071 పిక్సెళ్లు అవుతాయి. మిగిలిన తొమ్మిది పిక్సెళ్లలో ఇంకో వరస పట్టదు. విండో మేనేజర్ ఆ లెక్కని అక్షరాలా పాటిస్తే కింద తొమ్మిది పిక్సెళ్ల వాల్‌పేపర్ కనపడుతుంది. డీడబ్ల్యూఎం అనే విండో మేనేజర్ వాడేవాళ్లు కాన్ఫిగ్ ఫైలులో 'రీసైజ్‌హింట్స్' విలువని ఒకటి నుంచి సున్నా చేసి మళ్లీ కంపైల్ చేసుకుంటే ఆ ఖాళీ పోతుంది. బోర్డర్ సెట్టింగులు ఎన్ని మార్చినా ఇది పోదు. ఎంతోమంది ఓపికంతా అక్కడే ఖర్చైపోతుంది.

మీ డెస్క్‌టాప్‌కి తగ్గ మందు

1. విండోస్. ఇక్కడ మీరు చెయ్యాల్సింది దాదాపు ఏమీ లేదు, ఎందుకంటే మైక్రోసాఫ్ట్ పాతకాలంలోనే ఒక ఉపాయం పట్టింది. మ్యాగ్జిమైజ్ చేసినప్పుడు బోర్డర్‌ని తీసెయ్యదు, విండోని స్క్రీన్ కంటే కొంచెం పెద్దది చేసి, బోర్డర్‌ని స్క్రీన్ బయటికి నెట్టేస్తుంది. విండోస్ 10లో స్కేలింగ్ 100 శాతం ఉన్నప్పుడు మ్యాగ్జిమైజ్ చేసిన విండో ఎడమ పై మూల ఎక్కడుందని సిస్టమ్‌ని అడిగితే మైనస్ 8, మైనస్ 8 అని జవాబొస్తుంది. ఎక్స్‌పీ రోజుల్లో మైనస్ 4 ఉండేది. బోర్డర్ ఉంది, కానీ మీ మౌస్ చేరలేని చోట ఉంది. కంప్యూటర్‌కి ఒకే మానిటర్ ఉన్న రోజుల్లో ఇది చక్కగా సరిపోయింది. విండోస్ 98తో రెండో మానిటర్ వచ్చాక ఆ బయటికి నెట్టిన ముక్క పక్క మానిటర్ మీద కనపడకుండా కత్తిరించాల్సి వచ్చింది.

ఈ ఉపాయం వల్ల ఒక చిక్కు మాత్రం మిగిలింది. టైటిల్‌బార్‌ని సొంతంగా గీసుకునే ప్రోగ్రాములు ఆ ఎనిమిది పిక్సెళ్ల సంగతి మరిచిపోతే, మ్యాగ్జిమైజ్ చెయ్యగానే వాటి అంచులు తెగిపోయినట్టు కనపడతాయి. పై వరస బటన్ల నెత్తి కనపడదు, కుడివైపు స్క్రోల్‌బార్ సన్నబడుతుంది. మీకు ఇలా కనపడితే విండోస్ సెట్టింగులు వెతకొద్దు. ఆ ప్రోగ్రాముకి అప్‌డేట్ ఉందేమో చూడండి. లేదా దాని సెట్టింగుల్లో సిస్టమ్ టైటిల్‌బార్ వాడుకునే వీలుందేమో చూడండి. విజువల్ స్టూడియో కోడ్‌లో 'టైటిల్ బార్ స్టైల్' అనే సెట్టింగుని 'నేటివ్' చెయ్యడం అలాంటిదే.

2. కేడీఈ ప్లాస్మా. సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'విండో డెకరేషన్స్' తెరిచి, బ్రీజ్ థీము బొమ్మ మీద పెన్సిల్ గుర్తు నొక్కండి. మ్యాగ్జిమైజ్ చేసిన విండోల్ని అంచులు పట్టుకుని సాగదీయనివ్వాలా అని అడిగే టిక్కు ఒకటి ఉంటుంది. దాన్ని తీసేసి ఉంచండి. మామూలుగా తీసేసే ఉంటుంది. ఎవరో ఉత్సాహపడి పెట్టి ఉంటే మీ కుడి అంచు పరీక్ష విఫలమవడానికి అదే కారణం కావచ్చు. టైటిల్‌బార్ కూడా వద్దనుకునేవాళ్లకి ఇంకో మెట్టు ఉంది. హోమ్‌లో దాగి ఉండే కాన్ఫిగ్ ఫోల్డర్‌లో కేవిన్‌ఆర్‌సీ అనే ఫైలు తెరిచి, 'విండోస్' అనే విభాగం కింద 'బోర్డర్‌లెస్ మ్యాగ్జిమైజ్డ్ విండోస్' అనే పేరుని ఖాళీల్లేకుండా, ప్రతి మాట మొదటి అక్షరం పెద్దదిగా రాసి, విలువ 'ట్రూ' అని పెట్టండి. లాగౌట్ చేసి మళ్లీ రండి. ఆగండి, ఇది చేసే ముందు పొరపాట్ల భాగంలో మొదటిది చదవండి.

3. ఎక్స్‌ఎఫ్‌సీఈ. ఇందులో బోర్డర్‌కీ టైటిల్‌కీ వేర్వేరు మీటలున్నాయి, అదే దీని మంచితనం. బోర్డర్ దాచే సెట్టింగు మొదట్నుంచీ పెట్టే ఉంటుంది. మీ దగ్గర పోయి ఉంటే సెట్టింగ్స్ ఎడిటర్‌లో ఎక్స్‌ఎఫ్‌డబ్ల్యూఎం4 కింద 'బోర్డర్‌లెస్ మ్యాగ్జిమైజ్' అనేదాన్ని మళ్లీ టిక్కు చెయ్యండి. టైటిల్ దాచాలంటే 'విండో మేనేజర్ ట్వీక్స్'లో యాక్సెసిబిలిటీ ట్యాబు చూడండి. పాత లాప్‌టాపులకి ప్రాణం పోయడానికి ఎక్స్‌ఎఫ్‌సీఈ వేసుకునేవాళ్లు ఎక్కువ. అలాంటి 768 పిక్సెళ్ల ఎత్తున్న స్క్రీన్ మీద 30 పిక్సెళ్ల టైటిల్‌బార్ అంటే నూటికి నాలుగు వంతులు. ఇక్కడ మాత్రం చోటు నిజంగానే కలిసొస్తుంది.

4. ఐస్‌డబ్ల్యూఎం. ప్రిఫరెన్సెస్ ఫైలులో 'హైడ్ బోర్డర్స్ మ్యాగ్జిమైజ్డ్' ఎదురుగా సున్నా ఉంటుంది. ఒకటి చెయ్యండి. అయిపోయింది.

5. గ్నోమ్. చాలా ప్రోగ్రాములు తమ ఫ్రేముని తామే గీసుకుంటాయి, మ్యాగ్జిమైజ్ చెయ్యగానే నీడనీ గుండ్రటి మూలల్నీ వదిలేస్తాయి. లినక్స్‌లో ఎక్స్11 స్థానంలోకి వచ్చిన వేలాండ్ నిబంధన కూడా అదే చెప్తుంది: మ్యాగ్జిమైజ్ అయిన విండో తన హద్దు బయట నీడ గానీ అలంకారం గానీ గీయకూడదు. కాబట్టి ఇక్కడ తేడా కనపడితే ముందు మీరు వేసుకున్న థీముని అనుమానించండి. గ్నోమ్‌తో వచ్చిన థీముకి మారి ఒకసారి పరీక్షించండి.

6. మ్యాక్. 2024లో వచ్చిన సెకోయాలో విండోల్ని అంచులకి అతికించే ఏర్పాటు వచ్చింది, దాంతోపాటే విండోల చుట్టూ ఖాళీ కూడా వచ్చింది. సిస్టమ్ సెట్టింగ్స్‌లో 'డెస్క్‌టాప్ అండ్ డాక్' తెరిచి, టైల్ చేసిన విండోలకి మార్జిన్లు ఇచ్చే మీటని ఆపెయ్యండి.

7. ఐ3, స్వే. వీటిలో ప్రతి విండో చుట్టూ గీత ఉంటుంది. ఏ విండోలో టైప్ చేస్తున్నారో రంగుతో చెప్పేది అదే. ఒక్క విండోనే ఉన్నప్పుడు ఆ గీతతో పని లేదు గనక ఐ3 కాన్ఫిగ్‌లో 'హైడ్ ఎడ్జ్ బోర్డర్స్ స్మార్ట్' అని ఒక లైను చేరిస్తే చాలు. మొదటి మూడు మాటల మధ్య అండర్‌స్కోర్లు పెట్టడం మరిచిపోవద్దు. స్వేలో 'స్మార్ట్ బోర్డర్స్ ఆన్' అనేది కూడా ఇదే పని చేస్తుంది.

బ్రౌజర్ సంగతి వేరుగా చూసుకోవాలి. లినక్స్‌లో క్రోమ్ అయితే ట్యాబుల పక్కన ఖాళీ చోట కుడి క్లిక్ చేసి, సిస్టమ్ టైటిల్‌బార్ వాడమనే టిక్కు తీసెయ్యండి. ఫైర్‌ఫాక్స్ అయితే మెనూలో 'మోర్ టూల్స్' కింద 'కస్టమైజ్ టూల్‌బార్' తెరిచి, ఎడమవైపు అడుగున 'టైటిల్ బార్' టిక్కు తీసెయ్యండి. పైన ప్యానెల్ లేకపోతే మూడో పరీక్ష ఇప్పుడు నెగ్గుతుంది. రోజంతా బ్రౌజర్‌లోనే గడిపేవాళ్లకి ఈ అధ్యాయం మొత్తంలో ఇంతకంటే పెద్ద లాభం లేదని నా నమ్మకం.

తరచూ జరిగే పొరపాట్లు

1. కీలు నేర్చుకోకుండా టైటిల్‌బార్ తీసెయ్యడం. అన్నిటికంటే ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. బోర్డర్ పోతే మీకు లోటేమీ ఉండదు. టైటిల్‌బార్ పోతే మూసే బటనూ, చిన్నది చేసే బటనూ, పట్టుకుని లాగే చోటూ దాంతోపాటే పోతాయి. విండో తెరిచారు, అది స్క్రీనంతా నిండింది, ఇప్పుడు దాన్ని ఎలా చిన్నది చేస్తారు? ముందు ఈ కీలు వేళ్లకి పట్టనివ్వండి. మూయడానికి ఆల్ట్‌తో ఎఫ్4, ఇది దాదాపు అన్నిచోట్లా పనిచేస్తుంది. మ్యాగ్జిమైజ్ చెయ్యడానికీ, మళ్లీ తగ్గించడానికీ ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆల్ట్‌తో ఎఫ్10, ప్లాస్మాలో మెటా (విండోస్ కీనే అక్కడ అలా అంటారు)తో పేజ్‌అప్. విండోస్‌లోనూ గ్నోమ్‌లోనూ విండోస్ కీ పట్టుకుని పై బాణంతో పెద్దది, కింది బాణంతో మామూలు. ఒక వారంపాటు టైటిల్‌బార్ ఉండగానే ఈ కీలు వాడండి. దాని వైపు చెయ్యి వెళ్లడం మానేసిందని అనిపించిన రోజున తీసెయ్యండి. ఉబుంటు 2011లో యూనిటీ డెస్క్‌టాప్ తెచ్చినప్పుడు మ్యాగ్జిమైజ్ చేసిన విండో టైటిల్‌ని పై ప్యానెల్‌లో కలిపేసి, బటన్లని కూడా అక్కడే చూపించింది. టైటిల్‌బార్ తీసేస్తే దాని పనులకి ఇంకో చోటు చూపించాలని వాళ్లకి తెలుసు. మీరు తీసేటప్పుడు ఆ చోటు కీబోర్డే.

2. అన్ని విండోల బోర్డర్లూ తీసెయ్యడం. 'నో బోర్డర్స్' అనే మాట కనపడగానే నొక్కేస్తారు. మ్యాగ్జిమైజ్ చేసిన విండో బాగుంటుంది. తీరా రెండు చిన్న విండోలు ఒకదాని మీద ఒకటి పెడితే ఎక్కడ ఒకటి ముగిసి ఇంకోటి మొదలైందో తెలియదు, తెల్ల మీద తెలుపు. సాగదీద్దామంటే పట్టు దొరకదు. మీరు వెతకాల్సిన సెట్టింగులో 'మ్యాగ్జిమైజ్డ్' అనే మాట ఉండి తీరాలి. ఒకవేళ బోర్డర్లు అన్నిచోట్లా సన్నగానే ఉండాలనుకుంటే, సాగదీయడానికి మౌస్ కుడి బటన్ వాడండి. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ఆల్ట్, ప్లాస్మాలో మెటా కీ పట్టుకుని విండో లోపల ఎక్కడైనా కుడి బటన్‌తో లాగితే చాలు.

3. రెండు మానిటర్ల మధ్య అంచుని నిజం అంచు అనుకోవడం. మీ బల్ల మీద రెండు మానిటర్లు పక్కపక్కన ఉన్నాయనుకోండి. ఎడమ మానిటర్ మీద విండోని మ్యాగ్జిమైజ్ చేసి, బోర్డర్ తీసేసి, స్క్రోల్‌బార్ కోసం కుడికి తోస్తే మౌస్ ఆగదు, పక్క మానిటర్‌లోకి వెళ్లిపోతుంది. ఇది మీరు చేసిన సెట్టింగు లోపం కాదు. అక్కడ ఆపడానికి అంచు లేదు. దీనికి ఖర్చులేని పరిష్కారముంది. పొడుగాటి పత్రాలు, స్ప్రెడ్‌షీట్లు, ఎక్కువగా స్క్రోల్ చేసేవన్నీ కుడి మానిటర్‌కి మార్చండి. దాని కుడి అంచు నిజమైన అంచు. ఎడమ మానిటర్ మీద ఊరికే చూస్తుండేవి పెట్టుకోండి. ప్లాస్మా 6.1 నుంచి ఇంకో సౌకర్యం కూడా ఉంది. 'స్క్రీన్ ఎడ్జెస్' సెట్టింగుల్లో 'ఎడ్జ్ బ్యారియర్' పెంచితే, మౌస్ పక్క మానిటర్‌లోకి దాటే ముందు కాస్త తడబడి ఆగుతుంది. ఆ ఆగడమే మీకు కావాల్సింది.

4. రెండు మానిటర్ల మీద 'స్మార్ట్' బోర్డర్లు. ఐ3, స్వే వాడేవాళ్లకి మాత్రమే ఇది. ఒక్కో మానిటర్‌కి ఒక్కో విండో ఉందనుకోండి. రెండింటికీ గీతలు పోతాయి. ఇప్పుడు కీబోర్డు ఎవరి చేతిలో ఉంది? చూసి చెప్పలేరు. బ్యాంకు పాస్‌వర్డ్ టైప్ చేస్తున్నాననుకుని ఆఫీసు చాట్‌లో కొట్టేసే అవకాశం ఉంది. రెండు మానిటర్లు ఉంటే 'స్మార్ట్' బదులు 'వర్టికల్' పెట్టండి. అప్పుడు స్క్రీన్ పక్క అంచుల్లో గీత పోయి, పైనా కిందా మిగులుతుంది. స్క్రోల్‌బారూ మీదే, ఏ విండోలో ఉన్నారో చెప్పే రంగూ మీదే.

5. మ్యాగ్జిమైజ్ బదులు ఫుల్‌స్క్రీన్ వాడెయ్యడం. బోర్డర్లతో విసిగి ఎఫ్11 కొట్టి, అన్నీ పోయాయి కదా అని తృప్తిపడేవాళ్లున్నారు. ఫుల్‌స్క్రీన్‌లో ప్యానెల్ కూడా పోతుంది, గడియారం పోతుంది, మెయిల్ వచ్చిందో లేదో తెలియదు. సినిమాకి అది బాగుంటుంది. రోజంతా నాలుగు ప్రోగ్రాముల మధ్య తిరిగే పనికి బాగుండదు.

6. దాగే టాస్క్‌బార్‌ని మరిచిపోవడం. టాస్క్‌బార్ తనంతట తాను దాక్కునేలా పెట్టుకుంటే, దాన్ని పైకి పిలవడానికి మౌస్ ఆ అంచుని తాకాలి. సొంతంగా ఫ్రేము గీసుకునే మంచి ప్రోగ్రాములు అందుకే ఆ ఒక్క అంచులో ఒకటి రెండు పిక్సెళ్లు వదిలేస్తాయి. అక్కడ మీకు సన్నటి గీత కనపడితే దాని పని అది చేస్తోంది, వదిలెయ్యండి. గీత వదలని ప్రోగ్రాము వల్ల టాస్క్‌బార్ పైకి రావడం లేదా? విండోస్ కీ ఒకసారి నొక్కండి, వస్తుంది.

స్కేలింగ్ 125 శాతమో 150 శాతమో పెట్టుకున్నవాళ్లకి ఒక మాట. ఒక్కోసారి భిన్నాల లెక్కలో తేడా వచ్చి కుడివైపో అడుగునో ఒక పిక్సెల్ గీత మిగిలిపోతుంది. బోర్డర్ సెట్టింగులతో కుస్తీ పట్టే ముందు స్కేలింగ్‌ని 100కి తెచ్చి ఒక్కసారి చూడండి. అప్పుడు గీత పోతే లోపం స్కేలింగ్‌లో ఉంది.

టచ్‌స్క్రీన్ వాడేవాళ్లు ఈ గొడవలో పడనక్కర్లేదు. వేలు స్క్రీన్ అంచు దగ్గర ఆగదు, దాటి స్క్రీన్ చుట్టూ ఉన్న చట్రం మీదికి వెళ్లిపోతుంది. కాబట్టి అంచుకి ఆనించిన బటన్ వల్ల వేలికి లాభం లేదు, ఒక్కోసారి నష్టమే. మౌసూ టచ్‌ప్యాడూ వాడేవాళ్లకే ఈ మార్పులన్నీ.

ఇంట్లో పెద్దవాళ్లకో, ఆఫీసులో నలుగురూ వాడే కంప్యూటర్‌కో ఈ సెట్టింగులు పెడుతున్నారా? అప్పుడు పద్ధతి కొంచెం మార్చండి. బోర్డర్ తీసెయ్యండి, దాని గురించి చెప్పక్కర్లేదు కూడా. ఎవరూ గమనించరు, చెయ్యి మాత్రం తేలికపడుతుంది. టైటిల్‌బార్‌ని ముట్టుకోకండి. మీ అమ్మగారికి విండో మూయడమంటే ఆ ఇంటూ గుర్తే, అది కనపడకపోతే ఆవిడ కంప్యూటర్ పాడైందనుకుని స్విచ్ కట్టేస్తారు. మార్చాక పక్కన కూర్చుని, మొదటి రెండు పరీక్షలూ ఆవిడ చేతే చేయించండి. కుడి చివరికి తోసి లాగమనండి. పేజీ మొదటిసారికే కదిలితే మీ పని అయిపోయింది.